ప్లాను ఒకటి.. కట్టడం మరొకటైతే కష్టాలే!
భవన అనుమతులపై అవగాహన అవసరం

భీమవరం: సొంతిల్లు ఒక కుటుంబపు జీవితకాల పొదుపు. అనుమతి లేని ఒక్క అంతస్తు ఆ పొదుపు మొత్తాన్ని చిక్కుల్లో పడవేయగలదు. 2022 ఏప్రిల్ 4న పశ్చిమగోదావరి జిల్లా కేంద్రంగా మారిన భీమవరంలో నిర్మాణం తలపెట్టేవారు తెలుసుకోవలసిన ముఖ్యాంశాలివి.

ఏ నిబంధనలు వర్తిస్తాయి?
రాష్ట్రంలో 2012 నాటి భవన నిబంధనల స్థానంలో 2017 మార్చి 28న జీవో 119 ద్వారా ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు-2017 వచ్చాయి. తరువాత వీటికి పలుమార్లు సవరణలు జరిగాయి. పొరుగింటివారు పదేళ్ల కిందట వదిలిన ఖాళీ స్థలాన్ని చూసి కొలతలు నిర్ణయించుకోవడం తగదు. దరఖాస్తు నాటికి అమల్లో ఉన్న సవరణలనే పరిశీలించాలి.

స్థలం కొనే ముందు..
లేఅవుటుకు ఆమోదం ఉన్నదీ లేనిదీ పట్టణ ప్రణాళిక విభాగంలో విచారించాలి. ఎన్ని అంతస్తులు వేయవచ్చు, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అన్నవి స్థలం విస్తీర్ణం, ఎదుటి రహదారి వెడల్పు, భవనం ఎత్తులపై ఆధారపడి ఉంటాయి. బృహత్ ప్రణాళికలో రహదారి విస్తరణ ఉంటే ఆ మేరకు స్థలం వదులుకోవలసి వస్తుంది. డెల్టాలోని బంకమట్టి తడిస్తే ఉబ్బి, ఆరితే కుంచించుకుపోతుంది. పూడ్చిన చెరువు నేలల్లో భూమి కుంగే ప్రమాదమూ ఉంది. కనుక పునాదికి ముందే మట్టి పరీక్ష చేయించుకోవడం శ్రేయస్కరం.

దరఖాస్తు ఇలా..
దరఖాస్తులను ఆన్‌లైన్‌లోనే స్వీకరిస్తున్నారు. యాజమాన్య పత్రాలు, ప్లాను, స్థలం ఫొటోలను లైసెన్సు పొందిన సాంకేతిక నిపుణుని ద్వారా సమర్పించాలి. 18 మీటర్ల లోపు ఎత్తున్న నివాస భవనాలకు 2025లో స్వీయ ధ్రువీకరణ విధానాన్ని ప్రవేశపెట్టారు. ప్లాను నిబంధనలకు లోబడి ఉన్నదని యజమాని, నిపుణుడు హామీ ఇవ్వాలి. దీనితో అనుమతి త్వరగా లభిస్తున్నా బాధ్యత కూడా వారిపైనే పడుతుంది. తప్పుడు వివరాలిస్తే అనుమతి రద్దవుతుంది, నిపుణుని లైసెన్సుకూ ముప్పు తప్పదు.

పది శాతం తనఖా
చిన్న ఇళ్లకు మినహాయింపు ఉంది. మిగిలిన భవనాల విషయంలో నిర్మిత విస్తీర్ణంలో 10 శాతాన్ని పురపాలక సంఘానికి తనఖా పెట్టాలి. ప్లాను ప్రకారం పూర్తిచేసి నివాసయోగ్యతా ధ్రువపత్రం పొందిన తరువాతే దానిని విడుదల చేస్తారు. ఉల్లంఘిస్తే ఆ భాగాన్ని అమ్ముకునే వీలుండదు.

అదనపు అనుమతులు
* 18 మీటర్లు, అంతకు మించిన నివాస భవనాలకు, 15 మీటర్లు, అంతకు మించిన వాణిజ్య భవనాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం తప్పనిసరి. కల్యాణ మండపాలు, పాఠశాలలు, సినిమా హాళ్లకు ఈ పరిమితి ఇంకా తక్కువ.
* 500 చదరపు మీటర్లు (సుమారు 598 గజాలు) మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ కట్టి అమ్మేవారు రెరాలో నమోదు చేసుకోవాలి. కొనుగోలుదారులు ఆ నమోదు సంఖ్యను అడిగి సరిచూసుకోవాలి.

అతిక్రమిస్తే..
నోటీసు, పనుల నిలిపివేత, అవసరమైతే కూల్చివేత చర్యలుంటాయి. అక్రమ భాగం ఉన్నంతకాలం ఆస్తి పన్నుపై అపరాధ రుసుము కూడా భరించాలి. పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమమైపోదు. 2015, 2019 సంవత్సరాల్లో క్రమబద్ధీకరణ పథకాలు వచ్చినా అవి నిర్ణీత తేదీకి ముందు పూర్తయిన కట్టడాలకే పరిమితం. 2019 పథకానికి ఆ గడువు 2018 ఆగస్టు 31. మరో పథకం వస్తుందన్న ఆశతో అంతస్తు వేయడం సాహసమే.

చివరి పత్రమే కీలకం
2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో కీలకమైనది. ఆమోదిత ప్లానును నిర్మాణ స్థలంలో ప్రదర్శించాలని, పూర్తి లేదా నివాసయోగ్యతా పత్రం చూసిన తరువాతే విద్యుత్తు, నీటి కనెక్షన్లు, బ్యాంకు రుణాలు ఇవ్వాలని ఆదేశించింది. కట్టడం ఎంత పాతదైనా, ఖర్చు ఎంతైనా అక్రమం సక్రమం కాదని స్పష్టం చేసింది.

గోడ లేచాక గది పెంచాలనిపిస్తే ముందుగా సవరించిన ప్లానుకు అనుమతి పొందాలి. అనుమతి ఉత్తర్వు, ఆమోదిత ప్లాను, రుసుముల రసీదులు, ధ్రువపత్రాలను దస్తావేజులతో పాటే భద్రపరచాలి. ఇల్లు అమ్మే రోజున, రుణం కోరే రోజున ఇవే అక్కరకొస్తాయి.