మువ్వురు చక్రవర్తుల విందు

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభము వరకు ఫ్రాన్సు దేశపు ప్రభువుల విందులలో చారులు, మత్స్యములు, మాంసములు, మధుర పదార్థములు రెండు మూడు విడతలుగా, విడతకు పెక్కు పాత్రలు చొప్పున, ఒక్కమారే బల్లపై తీర్చియుంచెడివారు. కన్నులకది మహావైభవమే కాని, అతిథికి చేయి సాగిన మేరయే భోజనమగుచుండెను. దవ్వున నున్నది చేరులోపల చల్లారుచుండెను. పప్పుతో మొదలిడి పెరుగుతో ముగించు పంక్తిభోజనము నెరిగిన మనకు ఆ పద్ధతి వింతగా తోచును.

1810 ప్రాంతమున పారిస్‌లో రష్యా రాయబారిగా నున్న కురాకిన్ ప్రభువు, పదార్థములను వంటయింటనే కోసి పంచి, ఒకదాని వెనుక నొకటిగా వేడి తగ్గకుండ అతిథుల ముందుంచు తన దేశపు వడ్డనను అచటివారికి పరిచయము చేసెనని చెప్పుదురు. పాశ్చాత్య భోజనచరిత్రలో ఇంతకు మించిన మార్పు లేదని నా నిశ్చయము. ఏలయనగా, ఏ వంటకము ఎప్పుడు వచ్చునో స్థిరపడిన పిమ్మటనే కదా, దానికి తోడుగా ఏ ద్రాక్షాసవము పోయవలెనో నిర్ణయించుటకు వీలు కలిగినది!

ఆ వీలు ఎంత దూరము పోగలదో 1867 జూన్ 7వ తేదీ రాత్రి తేటపడెను. ప్రపంచ ప్రదర్శనమును చూడ పారిస్ వచ్చిన రష్యా జారు రెండవ అలెగ్జాండరు, ఆయన కుమారుడు, ప్రష్యా రాజు విల్హెల్మ్ కఫే ఆంగ్లే అను భోజనశాలయందు విందారగించిరి. పాకశాస్త్ర నిపుణుడు అడాల్ఫ్ డ్యుగ్లెరే 16 వంటకములను, 8 వైనులను కూర్చగా, విందు ఎనిమిది గంటలు సాగెనందురు. 1810 నాటి మదీరా, 1821 నాటి షెర్రీ, పిదప షాతో దికెమ్, శాంబెర్తాఁ, మార్గో, లతూర్, లఫీత్, తుదకు మంచున చల్లార్చిన షాంపేను. వీనిలో మదీరా, షెర్రీలు పీపాలలో ఓడనెక్కి ఇండీస్ వరకు పోయి మరలివచ్చినవి. ఉష్ణమండల సముద్రముల వేడికి వాని రుచి పరిపక్వమగునని ఆనాటి రసికుల నమ్మకము.

కొవ్వెక్కించిన బాతు కాలేయమగు ఫువా గ్రా లేదేమని జారు అడుగగా, జూన్ నెలలో దానిని వడ్డించు ఆచారము లేదని శాలవారు వినయముగా విన్నవించిరట. ఇది నిజమైనచో, ఆ విందునందలి మహత్తర ఘట్టమిదియే. భోజనక్రమమును నిర్ణయించు అధికారము సింహాసనము నుండి వంటయింటికి మారినది.

ఆ మార్పు అంతటితో ఆగలేదు. 1970 దశకమున, చిన్న చిన్న వంటకములను వరుసగా వడ్డించు జపాను కైసెకి భోజనమును చూచివచ్చిన బొకూజ్ మొదలగు ఫ్రెంచి పాకనిపుణుల కాలమున పాళ్లు చిన్నవై, పళ్లెములు పెక్కయ్యెను. కటలోనియాలో ఫెర్రాన్ అద్రియా నడపిన ఎల్ బుయీ భోజనశాల 2011లో మూతపడునాటికి అవి ముప్పదిని మించెను. అతిథి కోరుట మాని, వంటవాని క్రమమునకు తన్ను తాను అప్పగించుకొనుట మాత్రము 1867 నాటి ఆ విందునాటిదే.

మువ్వురు చక్రవర్తుల విందని పేరే గాని, ఆ రాత్రి మువ్వురిలో చక్రవర్తి జారు ఒక్కడే. విల్హెల్మ్ 1871లో జర్మను చక్రవర్తి యయ్యెను, జారు కుమారుడు 1881లో సింహాసనమెక్కెను. కఫే ఆంగ్లే 1913లో మూతపడినది. ఆ విందు బల్ల నేడు పారిస్‌లోనే, లా తూర్ దార్జాఁ భోజనశాలయందు గలదు.