ఓటు యంత్రంపై చుక్కలు

మన దేశంలో వయోజన ఓటుహక్కు చరిత్ర వ్రాసినవారు రాజ్యాంగ సభ చర్చలను గురించీ, పార్టీల బలాబలాలను గురించీ విస్తారంగా వ్రాశారు. ఓటరు చేతికిచ్చిన వస్తువులను గురించి, అంటే పెట్టె, కాగితం, ముద్ర, యంత్రం, వీటిని గురించి వ్రాసినవారు తక్కువ. అవి సాధనాలు గదా, వాటికి చరిత్ర ఏమిటని అనుకుంటాము. కాని ఒక సాధనాన్ని తయారుచేసేవాడు దాన్ని వాడబోయే మనిషి ఇట్లా ఉంటాడని ముందే ఊహించుకుంటాడు. ఆ ఊహలో ఎవరికి చోటు దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది రాజకీయ విషయమే. అంధుల వైపునుంచి ఈ చరిత్రను ఒకసారి పరిశీలించటం నా ఉద్దేశం.

1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. అప్పటికి మా వట్లూరు, ఏలూరు ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్నది. 1951 జనగణన ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది. పేరు చదివి ఓటు వేయమంటే ఎన్నికే జరగదు. కనుక ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించారు. ఓటరు చేయవలసిందల్లా తనకిష్టమైన గుర్తున్న పెట్టెలో కాగితం వేయటమే. చదువు నేర్చుకుని రండి, అప్పుడు ఓటిస్తామని ఎవరూ అనలేదు. సాధనాన్నే మనిషికి తగినట్లు మార్చారు. మనం ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే, వికలాంగుల విషయం వచ్చేసరికి మార్చటం కష్టం, ఖర్చు, ఆలస్యం అని చెప్పే ప్రభుత్వ యంత్రాంగమే ఒకనాడు కోట్లాది నిరక్షరాస్యులకోసం ఈ పని చేసి చూపింది.

అయితే గుర్తు కంటికోసం పుట్టినది. చూపులేని ఓటరుకు చట్టం చూపిన దారి సహాయకుడు. 1961 ఎన్నికల నియమావళి ప్రకారం 18 ఏళ్లు నిండిన ఒక మనిషిని వెంట తెచ్చుకోవచ్చు. ఆ మనిషి రహస్యం కాపాడతానని, ఆ రోజు మరొకరికి సహాయకుడుగా పనిచేయలేదని వ్రాసి ఇవ్వాలి. కాగితంమీద బాగానే ఉన్నది. కాని పల్లెలో కౌలు భూమిమీద బ్రతికే అంధుడికి సహాయకుడుగా వచ్చేది ఎవరు? కొల్లేటి గట్టున చేపల చెరువుల లీజులు ఎవరి చేతిలో ఉంటే ఓట్లు కూడా వారి మాటమీదనే పడాలని ఆశించే పెద్దమనుషులు ఉన్నారు. వారి కళ్లెదుట తన ఓటును మరొకరి చేత వేయించుకునేవాడికి రహస్య బ్యాలెట్టు అనేది లేనట్లే లెక్క.

తరువాత యంత్రం వచ్చింది. 1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగు కేంద్రాలలో దాన్ని మొదట వాడారు. చట్టంలో యంత్రానికి చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ ఓటింగును కొట్టివేసింది. 1988 చివర చట్టాన్ని సవరించారు. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా యంత్రాలే. వీటిని తయారుచేసినవి రెండూ ప్రభుత్వరంగ సంస్థలే: బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్, 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. పదహారు పేర్లు, పదహారు గుర్తులు, పదహారు నీలం బొత్తాములు. నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది, కూత వినిపిస్తుంది. కూత అందరికీ వినిపిస్తుంది, ఓటు పడిందని చెబుతుంది. ఎవరికి పడిందో దీపమే చెప్పాలి.

2004 ఎన్నికల సమయంలోనే వికలాంగ హక్కుల ఉద్యమకారులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. పోలింగు కేంద్రాలకు ర్యాంపులు వేయమని కోర్టు ఆదేశించింది. ఆ సంవత్సరమే మన హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్ శాసనసభ ఉప ఎన్నికలో, బొత్తాముల పక్కన బ్రెయిలు అంకెలు పెట్టిన యంత్రాలను ప్రయోగాత్మకంగా వాడారు. 2005లో బీహారు, జార్ఖండు, హర్యానాలలో ఒక్కొక్క నియోజకవర్గంలో, 2008లో ఢిల్లీ అంతటా, 2009లో దేశమంతటా అవి వచ్చాయి. పరవూరుకూ ఆసిఫ్‌నగర్‌కూ మధ్య 22 ఏళ్లు! కొన్ని చుక్కలను ఉబ్బెత్తుగా ముద్రించటానికి ఇంత శాస్త్ర పరిశోధన కావలసి వచ్చిందా? లేదు. ఆ చుక్కలు కావాలని అడిగే మనిషి నమూనా తయారైన గదిలో ఉండి ఉంటే అవి మొదటి రోజునే పడి ఉండేవి.

ఈ చుక్కలు కూడా అలాగే పుట్టినవి గనుక వాటి సంగతి కొంత చెప్పాలి. పారిస్ అంధుల పాఠశాలలో చూపున్న అయ్యవార్లు మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చువేసి పిల్లలచేత తడిమించేవారు. కంటికి ముచ్చటైన వంపు వేలికి గజిబిజి. చార్లెస్ బార్బియే అనే ఆయన 12 చుక్కల పద్ధతి ఒకటి తెచ్చాడు. అది వేలికొనకు మించిపోయింది. ఆ పాఠశాల విద్యార్థి, అంధుడు లూయీ బ్రెయిలు దాన్ని ఆరు చుక్కలకు కుదించి 1829లో ప్రకటించాడు. అయ్యవార్లు దాన్ని చాలాకాలం ఒప్పుకోలేదు, నడుమ నిషేధించారు కూడా. అధికారికంగా అంగీకరించింది 1854లో, ఆయన చనిపోయిన రెండేళ్లకు.

మన దేశంలో పోటీపడిన అనేక బ్రెయిలు పద్ధతులను ఒక దారికి తెచ్చి 1951లో భారతి బ్రెయిలును కుదిర్చారు. యునెస్కో తరపున ఈ పని నడిపిన క్లూతా మెకంజీ మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్నవాడు. తెలుగు లిపికి ఇందులో జరిగిన మార్పు ఆసక్తికరమైనది. మన వత్తు అక్షరం కింద వేలాడుతుంది. గుణింతం నెత్తిన ఎక్కుతుంది. వేలు మాత్రం ఎడమనుంచి కుడికి ఒకే వరుసలో పోతుంది. అందుచేత ‘అమ్మ’ అనటానికి అకారం, ఆపైన పొల్లును సూచించే ఒక చుక్క, తరువాత రెండు మకారాలు. కిందనున్న వత్తు పక్కకు వచ్చి వరుసలో కూర్చున్నది. వేలితో చదివేవారి అవసరం తెలిసినవారే ఇట్లా ఆలోచించగలరు.

కాని బ్రెయిలుతోనే సమస్య తీరిపోయిందనుకోవటం కూడా తొందరపాటే. బడికి పోనివారికీ, నడివయసు దాటి చూపు పోయినవారికీ ఆ చుక్కలు తెలియవు. పోలింగు విధులకు పోయినప్పుడు మా వట్లూరుకు దగ్గరి పల్లెలో ఒక ముసలాయనను చూశాను. బ్రెయిలు ప్రతి ఉన్నది, కావాలా తాతా అని అడిగితే, “ఆ చుక్కలు నాకెందుకు మేష్టారూ, ముందు నాకు పేర్లు వరసాగ్గా చదివి పెట్టండి” అన్నాడు. చదివాము. ఒంటరిగా లోపలికి పోయాడు, పైనుంచి బొత్తాములు లెక్కపెట్టుకున్నాడు కాబోలు, కూత వినిపించింది, బయటికి వచ్చాడు. ఆయనకు ఉపయోగపడింది చుక్కలు కాదు. చేతికి తగిలే బొత్తాములు సమానదూరంలో ఒకే వరుసలో ఉండటం. అవే బొత్తాముల స్థానంలో నున్నటి గాజు తెర పెట్టి ఉంటే ఆయన ఏమి చేసేవాడు? బ్యాంకులలో, రైల్వే స్టేషన్లలో ఇప్పుడు పెడుతున్నది ఆ గాజు తెరలనే.

ఇంజనీరింగు విద్యార్థి మిత్రులు నన్ను క్షమించాలి. వారి ప్రదర్శనలలో అంధులకోసం తయారైన ‘తెలివైన కర్ర’ లేని సంవత్సరం నాకు గుర్తులేదు. చాలావాటిని ఒక్క అంధుడైనా పట్టుకుని నడిచి ఉండడు. ఢిల్లీ ఐ.ఐ.టి.లో తయారై 2014లో బయటికి వచ్చిన స్మార్ట్‌కేన్ కథ వేరు. అక్కడ వాడేవారు మొదటినుంచీ పనిలో ఉన్నారు. మోకాలికి దిగువ అడ్డంకులను మామూలు తెల్లకర్ర చెబుతూనే ఉన్నది. తెరిచి ఉన్న కిటికీ రెక్క, వాలిన కొమ్మ, లారీ వెనుకభాగం తలకు తగిలేదాకా తెలియవు. కనుక కర్రను తీసిపారేయకుండా దాని పిడికి మాత్రం ఒక పరికరాన్ని తగిలించారు.

పాలకులు వికలాంగులకు ‘దివ్యాంగులు’ అని పేరు మార్చారు. దివ్యత్వం ఇచ్చినంత సులభంగా మెట్లకు ర్యాంపు ఇవ్వరు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వీరి సంఖ్య 22 లక్షల 66 వేలకు పైగా తేలింది. 2016 చట్టం వినియోగ వస్తువులను అందరికీ అనువుగా రూపొందించటాన్ని ప్రభుత్వం ప్రోత్సహించాలన్నది. 2017 నియమాలు మాత్రం ప్రమాణాలను సలహాల స్థాయికి దించాయి. హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రం ఈ స్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చింది. ఆ నివేదికను ఆధారం చేసుకుని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రజీవ్ రతూరి కేసులో ఆ నియమం చెల్లదని, తప్పనిసరి ప్రమాణాలు ఏర్పరచాలని తీర్పు చెప్పింది.

ఇక యంత్రం దగ్గరికి వద్దాము. ఓటు సరిగా పడిందో లేదో ఓటరు చూసుకోవటానికి వివిప్యాట్ అనే పరికరాన్ని చేర్చారు. 2013లో నాగాలాండులోని నోక్సెన్‌లో మొదట, 2019 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా వాడారు. గాజు వెనుక కాగితపు చీటీ ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది. బ్రెయిలు అంకెలు దేశమంతటా వచ్చిన పదేళ్లకు ఇది వచ్చింది. అప్పటికి పాఠం తెలియదనే వీలు లేదు. అయినా అందరికీ రుజువు చూపే పరికరం అంధుడికి ఏ రుజువూ చూపదు. అమెరికాలో 2002 చట్టం ప్రతి పోలింగు కేంద్రంలోనూ అంధులు తామే, రహస్యంగా ఓటువేసి సరిచూసుకోగల ఒక యంత్రమైనా ఉండాలన్నది. చెవిలో పెట్టుకునే గొట్టంలో అభ్యర్థి పేరు తెలుగులో వినిపించటం ఇ.సి.ఐ.ఎల్. ఇంజనీర్లకు పెద్ద పనికాదు. పని ఎట్లా చేయాలో కూర్చుని చెప్పగల అంధులు హైదరాబాదులోనే ఉన్నారు.