అత్యవసర చికిత్సయు రోగి పూర్వవృత్తాంతమును

వైద్యశాలలోని తక్కిన విభాగములయందు వైద్యునికి రోగిని ముందుగా నెఱిగియుండు నవకాశము కలదు. అత్యవసర విభాగమునకు మాత్రము రోగి అపరిచితుడై, పెక్కుమార్లు స్పృహ తప్పి, తన పూర్వవ్యాధిని గాని తాను వాడుచున్న మందులను గాని చెప్పజాలని స్థితిలో వచ్చును. ఆ తెలియమిని తొలగించుటకు జరిగిన కృషియే ఈ విభాగ చరిత్రకు ప్రాణమని నా విశ్వాసము.

ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున అమెరికాదేశమున సయితము అత్యవసర చికిత్సకు ప్రత్యేక వైద్యు లుండుట అరుదు. ఇతర శాఖలవారే వంతులవారీగా వచ్చి పోవుచుండిరి. 1961లో వర్జీనియా రాష్ట్రమందలి అలెగ్జాండ్రియా వైద్యశాలలో జేమ్స్ మిల్స్ అను వైద్యుడును, ఆయన సహచరులు ముగ్గురును సొంత ప్రాక్టీసు విడిచి, రేయింబవళ్లు అత్యవసర విభాగమునే కనిపెట్టుకొని యుండ నారంభించిరి. 1965లో ఆ దేశమున ప్రమాదములవలన 1,07,000 మంది మరణించిరనియు, ఆంబులెన్సు సేవలలో దాదాపు సగము అంత్యక్రియలు జరిపించు వ్యాపారుల చేతులలోనే యున్నదనియు 1966 నాటి జాతీయ విజ్ఞాన పరిషత్తు నివేదిక వెల్లడించెను. 1968లో అలబామాయందలి హేలీవిల్ పట్టణమున అత్యవసర సహాయమునకైన 911 సంఖ్యకు తొలి పిలుపు మ్రోగెను. 1970లో సిన్సినాటి విశ్వవిద్యాలయమున అత్యవసర వైద్యమందు ప్రత్యేక శిక్షణ మొదలయ్యెను.

వైద్యుడును వాహనమును సమకూడినను, రోగి పూర్వవృత్తాంతము కాగితపు దొంతరలలోనే మిగిలిపోయెను. 1972లో ఇండియానాపోలిస్ నగరమున రీగన్‌స్ట్రీఫ్ సంస్థకు చెందిన క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ అను వైద్యుడు దానిని కంప్యూటరున కెక్కింప మొదలిడెను. వైద్యుని పొరపాట్లకు పెక్కుమార్లు విద్యాలోపము గాక, మానవుని దృష్టి ఒకేసారి ఇన్ని సంగతులను పట్టి యుంచజాలకుండుటయే కారణమని ఆయన 1976లో ప్రకటించిన పరిశోధనలో వాదించెను. తదుపరి అదే నగరమున ఒక వైద్యశాలయందలి సమాచారము మఱొక వైద్యశాలయొక్క అత్యవసర విభాగమున కందునట్లు ఏర్పాటు జరిగెను. ఆ ఏర్పాటుపై రెండు వైద్యశాలలలో జరిపి 2002లో ప్రకటించిన పరీక్షలో, ఒకచోట రోగి సందర్శన మొకటికి సుమారు 26 డాలర్ల ఖర్చు తగ్గెను. రెండవచోట ఖర్చులో చెప్పదగిన భేదము కానరాలేదు.

సమాచారము చేరినంతమాత్రమున ప్రయోజనము సమముగా కలుగదని ఈ పరీక్ష తేటతెల్లము చేయుచున్నది. 2005 ఆగస్టు 15న హైదరాబాదున 108 సేవ ఆరంభమై, మన ప్రాంతమున రోగిని వైద్యశాలకు చేర్చు మార్గమును సుగమము చేసినది. ఇక రోగితోపాటు ఆతని వృత్తాంతమును వైద్యుని చెంతకు చేర్చుట మన కర్తవ్యము. అందులకై ప్రణాళిక రచించువారు యంత్రములను కొనుటకు ముందే, రాత్రివేళ క్యాజువాల్టీలో డాక్టరు ప్రక్కన నిలిచి, ఆయన ఏ ప్రశ్నను ముందు వేయునో, ఏ జవాబు కొఱకు నర్సు ఎవరిని వెదకుచు పోవునో వ్రాసికొనవలెను. ఆ వరుసనే పునాదిగా గొనిన వ్యవస్థయే ప్రాణరక్షణకు తోడ్పడగలదు. తక్కినది వ్యయమేగాని వైద్యము కాదు.