చెవిలో ముత్యపు గడ్డ

మా తమ్ముడి కుడి చెవి రెండేళ్లు కారింది. చీము, దుర్వాసన. నొప్పి పెద్దగా లేదు కాబట్టి ఇంట్లో ఎవరమూ భయపడలేదు. అవ్వ వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు వేసేది. వినికిడి తగ్గాక బెంగుళూరు తీసుకుపోతే డాక్టరుగారు 'కొలెస్టియటోమా' అన్నారు. అది విని నాన్న, వీడికి నూనె తిండి ఆపాలా అని అడిగారు. ఆ తప్పు నాన్నది కాదని ఈ వ్యాసం కోసం చదివాక తెలిసింది.

ఆ పేరు పెట్టింది జర్మనీకి చెందిన యోహానెస్ ముల్లర్, 1838లో. అందులో కొవ్వు ఉందనుకున్నారు. అంతకు ముందు 1829లో ఫ్రాన్సు వైద్యుడు క్రువేయే దాని తెల్లని మెరుపు చూసి ముత్యపు గడ్డ అన్నారు. నిజానికి అది కొవ్వూ కాదు, క్యాన్సరూ కాదు. ఉత్త చర్మం! ఎక్కువమందిలో కర్ణభేరి లోపలికి పీక్కుపోయి సంచిలా అవుతుంది. ఒంటి మీద పొట్టు రాలినట్టే ఆ సంచిలోనూ రాలుతుంది, కానీ బయటికి పోయే దారి ఉండదు. అది పేరుకొని పేరుకొని చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. పైన పల్చటి ఎముక, దాని అవతలే మెదడు.

మందుతో ఇది పోదు. చాలాసార్లు చెవి వెనక ఎముకను తొలిచే లోపలికి వెళ్లాలి. ఆ ఆపరేషన్ 18వ శతాబ్దంలోనే ఉంది. కానీ 1791లో డెన్మార్క్ రాజవైద్యుడు బెర్గర్ తన చెవుడు, చెవిలో హోరు పోతాయని అది చేయించుకొని కొద్ది రోజులకే చనిపోయాడు. ఆ భయంతో డాక్టర్లు దశాబ్దాల పాటు దాని జోలికి పోలేదు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. అక్కరలేని మనిషికి చేసి, అవసరమైన వాళ్లకు మానేశారు. 1873లో జర్మనీలో ష్వార్ట్‌జె, ఉలీ సుత్తీతో ఎలా తెరవాలో, ఎవరికి తెరవాలో కూడా రాశాక మళ్లీ మొదలైంది.

1900లో పారిస్‌లో రచయిత ఆస్కార్ వైల్డ్ చెవి జబ్బు మెదడుకు పాకి చనిపోయాడు. అది ఈ గడ్డే కావచ్చని 2000లో డాక్టర్లు రాశారు, అందరూ ఒప్పుకోలేదు. ఆయన తండ్రి డబ్లిన్‌లో పేరున్న చెవి డాక్టరట!

1950లలో ఆపరేషన్ మైక్రోస్కోపు వచ్చాక కర్ణభేరిని అతికించడం కూడా నేర్చుకున్నారు. తమ్ముడికి అలాగే చేశారు. "ముందు గడ్డ పోవాలి, చెవి ఆరాలి. వినికిడి సంగతి తర్వాత" అన్నారు డాక్టరుగారు. చిన్న ముక్క మిగిలినా మళ్లీ పెరుగుతుంది కాబట్టి వచ్చే నెల మళ్లీ చూపించాలి. ఇప్పుడు చెవి కారడం లేదు. మేమంతా వాడి ఎడమ పక్క కూర్చునే మాట్లాడతాం. అవ్వ మాత్రం మరిచిపోయి కుడి పక్క కూర్చుంటుంది, వాడే లేచి ఇటు వచ్చి కూర్చుంటాడు.