విమానపు చుక్కాని

అమలాపురపు కాలువలలో ధాన్యపు పడవలు నడచిన కాలమున, చుక్కాని పిడి పట్టిన సరంగునకు నీటి వేగము చేతికే తెలియుచుండెడిది. ఎంత త్రిప్పిన నంత యెదురొత్తిడి. విమానమునకును తోకపై నిలువుగా చుక్కాని కలదు. చోదకుడు దానిని పాదముల క్రింది పెడళ్లతో త్రిప్పును. గాలి యొత్తిడి ఆ పాదములకు తెలియునా? కోనసీమనుండి గల్ఫు దేశములకు ఎగిరిపోవు వారెందరో కలరు గాన, ఇది మన యిండ్లకు సంబంధించిన ప్రశ్నయే.

రైటు సోదరులు 1902లో తమ గ్లైడరునకు మొదట నిలువుతోకను కదలకుండ బిగించిరి. ప్రక్కకు ఒరిగినపుడు అది అదుపుతప్పి నేలకు జారుచుండెను. అంతట తోకను కదలునట్లు చేసి, రెక్కలను మెలిపెట్టు త్రాళ్లకే దానిని ముడివేసిరి. 1903లో ఎగిరిన యంత్రమునకును ఇదియే యేర్పాటు. 1905లో ఆ ముడి విప్పి, చుక్కానికి వేరు పిడి నిచ్చిరి. చోదకునకు స్వేచ్ఛ కలిగినది. పొరపడు వీలును కలిగినది.

విమానములు పెద్దవైనకొలది ఆ యొత్తిడి మానవబలమునకు మించిపోయినది. నూనెయొత్తిడితో పనిచేయు యంత్రములు చుక్కానిని త్రిప్పసాగినవి. ఇక పాదమునకు తగులునది స్ప్రింగులు కల్పించు స్పర్శ మాత్రమే. ఆ కల్పన ఎంత గట్టిగా నుండవలెనో నిర్ణయించువాడు శిల్పి.

2001 నవంబరు 12న న్యూయార్కునుండి బయలుదేరిన అమెరికన్ ఎయిర్‌లైన్సు వారి ఏర్‌బస్ ఏ300-600 విమానము, ముందుపోయిన విమానము విడిచిన గాలిసుడిలో పడినది. సహచోదకుడు పెడళ్లను కుడియెడమలుగా మార్చి మార్చి తుదివరకు త్రొక్కెను. నిలువుతోక ఊడిపోయినది. విమానమున నున్న 260 మందియు, నేలమీది ఐదుగురును మరణించిరి.

2004లో విచారణసంఘమువారు ఆ త్రొక్కుళ్లనే ముఖ్యకారణముగా నిర్ణయించి, చుక్కాని నిర్మాణమును, కంపెనీ శిక్షణను తోడికారణములనిరి. చనిపోయినవాడు బదులు చెప్పలేడు గాన, తప్పంతయు వానిదే యనుట సులభము. కాని ఈ లెక్క చూడుడు. 250 నాట్ల వేగమున ఆ పెడలు తుదివరకు కదలునది సుమారు 1.2 అంగుళములే. అది కదలుటకే 22 పౌనుల బలము కావలెను. 32 పౌనులకు చుక్కాని ఆ వేగమున తిరుగగలిగినంతయు తిరిగిపోవును. కొంచెమునకును పూర్తికిని నడుమ భేదము పది పౌనులు! గాలిలో ఊగిపోవుచున్నవాని కాలు ఇంత సూక్ష్మము నెట్లు గుర్తించును? అదే సంస్థ నిర్మించిన పూర్వపు ఏ300 విమానములలో వేగము హెచ్చినను పెడలు కదలిక ఇట్లు కుంచించుకొనిపోలేదు. మంచి యేర్పాటును విడిచిపెట్టిరని మా యభిప్రాయము.

పెడళ్లను త్రొక్కుట ఆపుమని హెచ్చరించు దీపమునైనను, వాని కదలికను అడ్డగించు పరికరమునైనను ఈ తరగతి విమానములలో అమర్చవలెనన్న యాజ్ఞ 2012లో వెలువడినది.