ఒకే కప్పు కింద వేరు పొయ్యి

కడప జిల్లా ప్రొద్దుటూరులో దసరా వస్తోందంటే అమ్మవారిశాల దగ్గర ఎంత సందడో బట్టల అంగళ్లలోనూ అంతే సందడి. బేరాలు మొదలయ్యేలోపు తన అంగడికీ ఒక వెబ్‌సైటు ఉండాలని ఓ యజమాని అనుకున్నాడనుకుందాం. ఇంజనీరింగు ముగించి ఇంటిపట్టున ఉన్న తెలిసిన కుర్రాడికి పని అప్పజెప్తాడు. కుర్రాడు తన విండోస్ ల్యాప్‌టాప్‌లోనే పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ వేసుకుని పది రోజుల్లో సైటు కట్టేస్తాడు. తెర మీద చీరలు కళకళలాడతాయి. తీరా అద్దె సర్వర్‌లోకి ఎక్కించాక సగం బొమ్మలు కనబడవు. అంగడాయన ఫోను చేసి అడిగితే కుర్రాడు చెప్పేది ఒకటే మాట: "నా దాంట్లో బాగానే వస్తాంది కదన్నా!"

అతను అబద్ధమాడడం లేదు. ఫైలు పేరులో ఉన్నది పెద్ద అక్షరమా, చిన్న అక్షరమా అన్న పట్టింపు మామూలుగా విండోస్‌కు లేదు. అద్దె సర్వర్లలో ఎక్కువగా ఉండే లినక్స్‌కు ఆ పట్టింపు గట్టిగా ఉంది. కోడులో చిన్న అక్షరాలతో రాసి, ఫైలు పేరు పెద్ద అక్షరంతో పెడితే లినక్స్ లెక్కలో అవి రెండు వేరు ఫైళ్లు. దీనికి తోడు, సీనియర్ల ప్రాజెక్టుల నుంచి దింపుకున్న పాత కోడు ఒకటి ఉంటుంది. డేటాబేసును పిలిచే ఆ పాత ఫంక్షన్లను 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7 పూర్తిగా తీసేసింది. పాత వెర్షన్ ఉన్న ఇంట్లో అవి పలుకుతాయి, కొత్త వెర్షన్ ఉన్న సర్వర్‌లో పలకవు.

సర్వర్‌లో ఏముందో అచ్చం అదే ల్యాప్‌టాప్‌లోనూ ఉంటే ఈ గొడవే లేదు. విండోస్‌ను చెరిపేయనక్కర్లేదు, ఇంకో కంప్యూటరు కొననక్కర్లేదు. ఉన్నదాని కడుపులోనే ఇంకో కంప్యూటరు ఉన్నట్టు నటించే ప్రోగ్రాము చాలు. దాని పేరు వర్చువల్ మెషిన్.

అన్నదమ్ములు వేరుపడ్డా ఇల్లు పంచుకోవడం కుదరనప్పుడు ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు వెలుగుతాయి. గోడలవే, బావి అదే, వంటలు మాత్రం వేరు. వర్చువల్ మెషిన్‌ది ఆ కాపురమే. ప్రాసెసరు, మెమరీ, డిస్కు అసలు యంత్రానివి. ఎవరి వాటా ఎంతో కొలిచి ఇచ్చే ఇంటిపెద్దను హైపర్‌వైజర్ అంటారు. అసలు యంత్రం హోస్ట్, లోపల కాపురం పెట్టినది గెస్ట్. గెస్ట్ అని పిలుస్తారు గానీ, ఇల్లంతా తనదేననుకునే ఈ చుట్టాన్ని ఇల్లరికపుటల్లుడు అనడమే సబబు.

ఈ ఏర్పాటు వెబ్‌సైట్ల కోసం పుట్టలేదు. అప్పటికి వెబ్ అన్న ఊహే లేదు. 1964లో ఐబీఎం సిస్టమ్/360 యంత్రాలను ప్రకటించింది. అదే ఏడాది ఎంఐటీ, ఒకే కంప్యూటరును పదిమంది ఒకేసారి వాడుకునే పెద్ద ప్రాజెక్టుకు ఐబీఎంను కాదని జనరల్ ఎలక్ట్రిక్ యంత్రాన్ని ఎంచుకుంది. అప్పటి కంప్యూటరంటే గది నిండా పట్టే బండ. దాని ఖరీదుకు మనిషికొకటి ఇవ్వడం కలలో మాట. ఎంఐటీ పక్కనే ఉన్న ఐబీఎం కేంబ్రిడ్జి సైంటిఫిక్ సెంటరులో రాబర్ట్ క్రీజీ, లెస్ కోమో అనే ఇద్దరు ఇంజనీర్లు ఒక చిన్న బృందంతో దీనికి ఉపాయం వెతికారు. అందరూ వాడే ఒక పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ రాయడం అటుంచి, ప్రతి మనిషికీ మొత్తం యంత్రం తనదేనన్న భ్రమ కల్పిస్తే పోలేదా అనుకున్నారు. 1967 జనవరి నాటికి వాళ్ల సీపీ-40 పనిలోకి దిగింది. ఒక్క యంత్రం పద్నాలుగు యంత్రాల వేషం కట్టింది.

ఆ కిటుకు చెప్పుకోదగ్గది. గెస్ట్ ప్రోగ్రాము మామూలు లెక్కలు చేసుకుంటున్నంతసేపు ప్రాసెసరు దాని జోలికి పోదు. డిస్కునో ప్రింటరునో నేరుగా ముట్టుకునే ఆజ్ఞ ఇచ్చిందంటే మాత్రం ప్రాసెసరు ఆపి ఇంటిపెద్దకు కబురు చేస్తుంది. ఆయన ఆ పనిని తన పద్ధతిలో చేసి, ఫలితం గెస్ట్ చేతిలో పెట్టి తప్పుకుంటాడు. మధ్యలో ఎవరో వచ్చి వెళ్లారన్న సంగతే గెస్ట్‌కు తెలియదు. సీపీ-40 తర్వాత సీపీ-67 వచ్చింది. 1972 ఆగస్టులో ఐబీఎం దీన్ని వీఎం/370 పేరుతో అధికారికంగా ప్రకటించింది. ఆ వంశం నేటి మెయిన్‌ఫ్రేములలో జడ్/వీఎంగా ఇంకా బతికే ఉంది.

ఆ 1967 తెలుగువాళ్లకూ గుర్తుంచుకోదగ్గ ఏడాదే. ఏప్రిల్‌లో హైదరాబాదులో ఈసీఐఎల్ మొదలైంది. దేశవాళీ టీడీసీ కంప్యూటర్లు అక్కడ తయారయ్యాయి. ఆగస్టులో అదే ఊళ్లో, తర్వాత మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టిన సత్య నాదెళ్ల పుట్టారు. ఈ కథ చివరలో ఆయన ప్రస్తావన మళ్లీ వస్తుంది.

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఇద్దరూ ఒక పరిశోధన పత్రంలో, ఏ ప్రాసెసరు మీద ఇలాంటి కాపురం సజావుగా సాగుతుందో లెక్కకట్టి చెప్పారు. ముట్టుకోకూడనిదాన్ని ముట్టుకునే ప్రతి ఆజ్ఞా ఇంటిపెద్ద దృష్టికి రావాలన్నది వాళ్ల షరతుల సారం. ఇళ్లల్లోకి, ఆఫీసుల్లోకి వచ్చిన పర్సనల్ కంప్యూటర్లలోని ఎక్స్86 ప్రాసెసరు ఈ పరీక్షలో తప్పింది. దానిలోని కొన్ని ఆజ్ఞలు అనుమతి లేకపోతే కబురు చేయవు, గొడవా చేయవు. ఏమీ జరగనట్టు ఊరుకుంటాయి. ఇంట్లో దొంగతనం చేసేవాడికన్నా చెప్పిన పని చేయకుండా చేశానని నమ్మించేవాడితోనే ఎక్కువ కష్టం.

స్టాన్‌ఫర్డ్‌లో మెండెల్ రోసెన్‌బ్లమ్, ఆయన విద్యార్థులు ఈ విద్యకు మళ్లీ ప్రాణం పోశారు. డయాన్ గ్రీన్ తదితరులతో కలిసి 1998లో పెట్టిన వీఎంవేర్, మరుసటి ఏడాదే మామూలు పీసీ మీద నడిచే వర్క్‌స్టేషన్‌ను విడుదల చేసింది. మాట వినని ఆజ్ఞలను, అవి నడవడానికి ముందే పట్టుకుని క్షేమమైన ఆజ్ఞలుగా తిరగరాయడం వాళ్ల నేర్పు. 2005, 2006లలో ఇంటెల్, ఏఎండీలు ఈ వసతిని ప్రాసెసరులోనే పెట్టాయి. 2007 జనవరిలో ఇన్నోటెక్ అనే జర్మన్ సంస్థ వర్చువల్‌బాక్స్‌ను ఓపెన్ సోర్సుగా వదిలింది. అది సన్ అనే సంస్థ చేతికి, అక్కడి నుంచి 2010లో ఒరాకిల్ చేతికి పోయినా, డబ్బు పెట్టకుండా దించుకునే వీలు మాత్రం పోలేదు. కడప జిల్లా కుర్రాడికి వర్చువల్ మెషిన్ అందినది నిజానికి అప్పుడే.

జిల్లాలో కంప్యూటర్ల చదువు పాదుకున్నదీ ఆ ఏళ్లలోనే. 2006లో పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మొదలై, దాని ప్రాంగణాల్లో ఒకటి వేంపల్లె దగ్గరి ఇడుపులపాయలో నిలిచింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి దానికి కులపతిగా పనిచేశారు. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల ఉంది. ఇక్కడే లెక్క తిరగబడింది. కేంబ్రిడ్జిలో ఒక్క యంత్రం, దాని కోసం పదిమంది. ఇక్కడ ఒక్క కుర్రాడు, ఇంట్లో ఒకటే ల్యాప్‌టాప్, దానిలో అతనికి కావలసినవి మూడు యంత్రాలు. కిటుకు మాత్రం అదే.

పెట్టుకునేటప్పుడు తిప్పలు తప్పవు. వర్చువల్‌బాక్స్ తెరిస్తే 64 బిట్ మాటే కనబడదు చాలామందికి. ప్రాసెసరులో వసతి ఉన్నా బయోస్‌లో దాన్ని ఆపి ఉంచడమే అందుకు కారణం. ల్యాప్‌టాప్ లేచేటప్పుడు ఎఫ్2 లాంటి మీట నొక్కి లోపలికి పోయి, ఇంటెల్‌లో వీటీ-ఎక్స్, ఏఎండీలో ఎస్‌వీఎం అన్న చోట తెరవాలి. కొన్నిసార్లు కింది పట్టీలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ వస్తుంది. విండోస్ వారి సొంత హైపర్‌వైజర్ ముందే ఇల్లు ఆక్రమించుకుందని, అందుకే నడక మందమని దాని అర్థం. ఆ బొమ్మ పెట్టినవాళ్లకు కాస్త హాస్యం ఉన్నట్టుంది. 8 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌లో, రంగురంగుల డెస్క్‌టాప్ లేని ఉబుంటు సర్వర్ అనే లినక్స్‌కు 2 జీబీ ఇస్తే చిన్న అంగడి సైటుకు సరిపోతుంది. హోస్ట్‌లో 8080 నంబరు తలుపు తడితే గెస్ట్‌లో 80 నంబరు తలుపు తెరుచుకునేలా దారి కలిపితే, విండోస్ బ్రౌజరులోనే లినక్స్ సర్వర్ పలుకుతుంది. అంతా కుదిరాక ఒక స్నాప్‌షాట్ తీసుకోవాలి. రేపు ఏదో తెలియక చెడగొట్టినా ఒక్క నొక్కుతో నిన్నటికి పోవచ్చు.

ఒక్కడు చేసే పనికి ఇది చాలు. గండికోటలో గుడారాలు అద్దెకిచ్చేవాళ్ల కోసం ముగ్గురు కలిసి బుకింగు సైటు కడుతున్నారనుకుంటే చిక్కు వస్తుంది. ఒకరు జమ్మలమడుగు, ఒకరు ప్రొద్దుటూరు, ఇంకొకరు పులివెందుల. జీబీలకొద్దీ ఉన్న యంత్రం బొమ్మను పెన్‌డ్రైవులో పెట్టి బస్సెక్కడం ఎన్నాళ్లు? 2010లో మిచెల్ హషిమోటో అనే యువ ప్రోగ్రామరు విడుదల చేసిన వేగ్రెంట్ ఈ చిక్కు విప్పింది. వండిన అన్నం గంగాళాలతో మోసుకుపోకుండా వంటవాడు రాసిచ్చిన సరుకుల పట్టీ పంపడం లాంటిదది. ఏ లినక్స్, ఎంత మెమరీ, ఏ వెర్షన్ పీహెచ్‌పీ అన్నది కొన్ని పంక్తుల్లో రాసి పంపితే, ముగ్గురూ ఒకే ఆజ్ఞ ఇచ్చి ఒకే రకం యంత్రాన్ని లేపుకుంటారు.

2013లో డాకర్ వచ్చి ఈ జోరును తనవైపు తిప్పుకుంది. దాని కంటైనర్లకు సొంత కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఉండదు. హోస్ట్ కెర్నల్‌నే పంచుకుంటాయి గనుక తేలిక. వర్చువల్ మెషిన్ పని అయిపోయిందన్నారు కొందరు తొందరపడి. కానీ లినక్స్ కంటైనర్‌కు లినక్స్ కెర్నల్ కావాలి. అది విండోస్‌లో ఎక్కడిది? సత్య నాదెళ్ల పగ్గాలు పట్టిన రెండేళ్లకు, 2016లో, మైక్రోసాఫ్ట్ విండోస్‌లోనే లినక్స్ ప్రోగ్రాములు నడిపే ఏర్పాటు తెచ్చింది. మొదటి రూపంలో అసలు కెర్నల్ లేకుండా నెట్టుకొచ్చారు. 2019లో ప్రకటించిన రెండో రూపంలో మాత్రం చడీచప్పుడు లేకుండా లోపల ఒక చిన్న వర్చువల్ మెషిన్ పెట్టారు. విండోస్ ల్యాప్‌టాప్‌లో డాకర్ నడుపుతున్న కుర్రాళ్లలో చాలామంది, తెలియకుండానే, దాని మీద కూర్చుని పనిచేస్తున్నారు.

మళ్లీ ప్రొద్దుటూరు అంగడికి వస్తే, కుర్రాడు ఈసారి వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు వేసుకుని, ఫైళ్ల పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చి, చీరలన్నీ కనబడ్డాక సైటును ఎక్కిస్తాడు. సరదాకు రెండు చోట్లా ఒకే ఆజ్ఞ ఇచ్చి చూడవచ్చు. సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్ అన్నది దాని పేరు. తానున్నది అసలు యంత్రమా, వేషమా అని లినక్స్‌ను అడిగే ప్రశ్న అది. ల్యాప్‌టాప్‌లోని ఉబుంటు "ఒరాకిల్" అని జవాబిస్తుంది. నెలనెలా అద్దె కడుతున్న సర్వర్ అసలు యంత్రమనే అంగడాయన నమ్మకం. అక్కడ తరచుగా కనబడే జవాబు "కేవీఎం". అంటే 2007లో లినక్స్ కెర్నల్‌లోకి చేరిన హైపర్‌వైజర్. ఆ సర్వరూ ఎవరి ఇంట్లోనో వేరు పొయ్యి పెట్టుకున్న గెస్టే.