రిజిస్టర్‌లో ఉన్న దాదా

షజ్రా రాయించి, ఫ్రేం కట్టించి గోడకు పెట్టుకున్న ఖాన్‌దాన్‌లు మనలో ఎన్ని? నవాబులకు ఉంది, దర్గాల సజ్జాదాలకు ఉంది. దూది ఏకినోళ్లకు, రిక్షా తొక్కినోళ్లకు సర్కారు రిజిస్టరే షజ్రా. దాదా ఎప్పుడు పోయారో, అబ్బా ఎక్కడ పుట్టారో అందులో ఒక్క సతర్‌లో ఉంటుంది. ఆ ఒక్క సతర్ చూపించడానికి మునిసిపాలిటీలకు ఎందుకంత తక్లీఫ్? సగం జవాబు తారీఖ్‌లోనే ఉంది.

నిజాం రాజ్యంలో 1880లలో దఫ్తర్ జబాన్ ఫార్సీ పోయి ఉర్దూ అయింది. సాల్ ఏమో ఫస్లీ. నెలలు ఆజుర్, దై, బహ్మన్... అక్టోబర్‌లో మొదలయ్యేది. ఫస్లీకి 590 కలిపితే అది మొదలైన ఈస్వీ సాల్ వస్తుంది. 1355 ఫస్లీ అంటే 1945-46 అన్నమాట. ఇది తెలియని గుమాస్తాకు ఈస్వీ సాల్ చెప్పి వెతకమంటే ఏం దొరుకుతుంది? దొరకలేదన్న మాటే కొన్నాళ్లకు లేదన్న మాట అయిపోతుంది.

1948లో పోలీస్ యాక్షన్ తర్వాత దఫ్తర్లలో ఉర్దూ వెనక్కి పోయింది. 1966లో అధికార భాషా చట్టంతో తెలుగు వచ్చింది. దానిమీద నాకు షికాయత్ లేదు. జనం మాట్లాడే జబాన్ దఫ్తర్‌లోకి రావాల్సిందే. కానీ పాత రిజిస్టర్లు చదివేవాళ్లు ఒక్కొక్కరే రిటైరై పోతుంటే, వాళ్ల జాగాలో ఎవరినైనా పెట్టాలన్న ఖయాల్ ఎవరికి వచ్చింది?

కోస్తా, సీమ వైపు కథ వేరు. అక్కడ మద్రాసు ప్రెసిడెన్సీ 1899 చట్టం. జబాన్ తంటా తక్కువ, పేర్ల తంటా ఎక్కువ. మన పేరు రాసేవాడి చెవికి ఎట్లా వినబడితే అట్లా ఎక్కింది.

మా దాదా ఇంతెకాల్ తారీఖ్ కోసం నేను ఒక మునిసిపాలిటీకి పోయాను. మొదట 'అంత పాతవి లేవు' అన్నారు. రెండోసారి 'ఉన్నయ్ గానీ ఉర్దూలో ఉన్నయ్' అన్నారు. ఉర్దూ మీడియంలో చదువుకున్నోణ్ణి, శికస్తా ఖత్ అయినా తిప్పలు పడి చదువుకుంటానన్నాను. 'బయటోళ్లకు చూపియ్యం' అన్నారు. నా దాదాకు నేను బయటోణ్ణట! మూడు జవాబులూ నోటిమాటలే. కాగితం మీద ఒక్కటీ రాలేదు.

ఖానూన్ ఇట్లా లేదు. 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టంలో 17వ సెక్షన్ చూడండి. రిజిస్టర్‌లో వెతికించి సర్టిఫికెట్ తీసుకునే హక్కు ఎవరికైనా ఉంది. చావుకు కారణం ఒక్కటే బయటపెట్టకూడదు. అంతకన్నా పాత కాగితాలకు 2005 సమాచార హక్కు చట్టం ఉంది. 'పర్సనల్ ఇన్ఫర్మేషన్' అని తప్పించుకునేవాళ్లకు అందులోనే 8(3) చూపించండి. దరఖాస్తుకు ఇరవై ఏళ్ల ముందటి సంగతులకు ఆ సాకు చెల్లదు. జవాబుకు ముప్పై రోజులు. రాకపోతే ఫస్ట్ అప్పీల్. 'రికార్డు లేదు' అంటే అదే మాట దస్తఖత్ చేసి ఇవ్వమనండి. చాలాసార్లు అప్పుడే అల్మారా తాళంచెవి దొరుకుతుంది.

ఇదేదో పాత సంగతుల మీద శౌఖ్ కాదు. 2019 ఆగస్టు 31న అస్సాం ఎన్నార్సీ ఆఖరి జాబితా వచ్చినప్పుడు 19 లక్షల పైచిలుకు మందికి అందులో పేరు లేదు. అమ్మానాన్నలు ఎవరో, దాదా ఎవరో కాగితంతో నిరూపించుకోమన్నారు. ఆ చలికాలం మన మొహల్లాల్లో ఎంతమంది అమ్మీలు ఇనప పెట్టెలు అడుగుదాకా వెతికారో మీకు యాదుంది కదా. మన పెట్టెల్లో లేని కాగితం చాలాసార్లు వాళ్ల అల్మారాలో ఉంది. అక్కడున్నది వాళ్ల మిల్కియత్ కాదు, మన అమానత్.

ఇంకొక్కటి. తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష. ఉర్దూ చదివేవాళ్లు లేరన్న బహానా సర్కారుకు ఇప్పుడు అసలే నప్పదు. నా అప్పీల్‌లో ఈ సతర్ కూడా రాశాను, ఉర్దూలోనే. జవాబు ఇంకా రాలేదు.